ఈశాన్యం ఉంది, ఆటోస్టార్టర్ లేదు

అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల 2015లో విద్యుత్ గ్రిడ్‌కు ఆర్కిటెక్చర్ శాస్త్రాన్ని అన్వయిస్తూ ఒక నివేదిక వెలువరించింది. కొత్త యంత్రాలు కొనే ముందు వ్యవస్థలో ఎవరు ఎవరి మాట వినాలో తేల్చుకోవాలన్నది ఆ శాస్త్రం సారం. వాస్తు చూడనిదే గేటు కూడా పెట్టని మనకు ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. కాకపోతే మన గ్రిడ్ పటంలో ఈశాన్యం కనిపిస్తుంది గానీ, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్ కనిపించదు.

ఆ శాస్త్రం ‘దాగిన లంకె’ అనే దోషాన్ని ప్రస్తావిస్తుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పలువురు ఒకే వ్యవస్థను నడపబోతే వచ్చే చిక్కు అది. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియని రోజుల్లో, చీకట్లో పాముకూ షాకుకూ భయపడిన రైతు బోరు మోటారుకు ఆటోస్టార్టర్ బిగించుకున్నాడు. ఒక్క రైతు లెక్కన అంతకు మించిన తెలివైన పని లేదు. కానీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద అయిదు హెచ్‌పీ మోటార్లు ఇరవై ఉంటే, కరెంటు రాగానే ఇరవైకి ఇరవై ఒకే క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కొక్కటీ మామూలుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు ఎగిరిపోతుంది. లైన్‌మన్ సైకిల్ స్టాండు వేసి, తీగ చుట్టి, స్విచ్ ఎత్తగానే అది మళ్లీ ఎగురుతుంది. మూడోసారి ఆయన తీగను రెండు పేటలు చుడతాడు. దీన్ని నివేదికల భాషలో రక్షణ వ్యవస్థ పటిష్ఠీకరణ అనాలి. ఇక ఫ్యూజు కాలదు, ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇస్తున్నామని, ఆటోస్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు ఇక పోదన్న మాటను, ఇన్నేళ్లూ పోతూ వచ్చిన కరెంటు తరఫున నమ్మాలన్నమాట.

రెండో దోషం ‘మెట్టు దాటవేత’, అంటే మధ్య మెట్లను తప్పించుకుని మాట నేరుగా కిందికి చేరడం. రాష్ట్రమంతటా కరెంటు పంపకం చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి కోత ఆదేశం మెట్టు మెట్టుగా దిగి సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గరికి చేరేలోపు, ఆయన జేబులోని సెల్‌ఫోన్ మోగుతుంది. “అన్నా, మా ఇంట్లో పెళ్లి, మా ఫీడర్ మాత్రం తీయకు” అంటాడు సర్పంచ్ గారి బావమరిది. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే కరెంటు లైను. కోత పక్క ఊరికి బదిలీ అవుతుంది. పటంలో ఈ దారికి బాణం గుర్తు లేదు కనుక ఇలాంటిదేదీ జరగడం లేదన్నది అధికారిక నిర్ధారణ.

కాబట్టి తదుపరి పటంలో స్మార్ట్ మీటర్ల డబ్బా పక్కనే ఆపరేటర్ సెల్‌ఫోన్‌కు ఒక డబ్బా, అందులోకి బావమరిది నుంచి ఒక బాణం గీయాలని సవినయంగా సిఫారసు చేస్తున్నాను. మాఘమాసపు పటంలో ఆ బాణాన్ని కాస్త లావుగా గీయాలి.