అరవై దాటిన చప్పుడు

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ద క్యూర్ కొత్త ఆల్బమ్ మొదటిసారి విన్న రాత్రి, పాడే గొంతు కోసం చాలాసేపు ఎదురుచూశాను. మొదటి పాట ‘అలోన్’. డ్రమ్స్ బరువుగా, నింపాదిగా నడుస్తున్నాయి. కీబోర్డు మీద స్వరాలు అలలు అలలుగా వచ్చి పోతున్నాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడూ దాటాయి. ఇందులో పాడటమే లేదేమో అనుకుంటుండగా గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతెత్తాడు. కచేరీలో విద్వాంసుడు రాగాన్ని తీరిగ్గా ఆలపించి ఆ తర్వాతే పల్లవి అందుకుంటాడే, ఆ తీరిక అది. ఆల్బమ్ పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవలేకపోయాను.

మనలో చాలామంది రాక్ సంగీతాన్ని చదువుకునే రోజుల్లో విని అక్కడే వదిలేశాం. అది కుర్రతనపు కోపం, ఉద్యోగాలూ పిల్లలూ వచ్చాక మనకెందుకు అనుకున్నాం. ఇక యంత్రాల చప్పుడులా మోగే ఇండస్ట్రియల్ సంగీతం అంటే మరీ గోల అని దగ్గరికే వెళ్లనివాళ్లు ఎక్కువ. వాళ్లందరికీ ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. గత రెండు మూడేళ్లలో ఈ రెండు దారుల్లో వచ్చిన గొప్ప ఆల్బమ్‌లలో చాలా వాటిని చేసింది అరవై దాటినవాళ్లు. యాభైల్లో ఉన్న మనిషి మనసుకి ఇంత దగ్గరగా వచ్చే సంగీతం నేనీమధ్య మరెక్కడా వినలేదు.

క్యూర్ ఆల్బమ్ పేరు ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’. 2024 నవంబర్ 1న వచ్చింది. దాని ముందటిది 2008లో వచ్చింది, అంటే మధ్యలో 16 ఏళ్లు. ఉన్నవి ఎనిమిది పాటలే, మొత్తం 50 నిమిషాల లోపు. ఈ మధ్యకాలంలో స్మిత్ తల్లిని, తండ్రిని, అన్న రిచర్డ్‌ని పోగొట్టుకున్నాడు. ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ ఆ అన్న పోయిన రాత్రి గురించిన పాట. అందులో పియానో మీద చిన్న వరస ఒకటి వస్తుంది. పిల్లలు కూడా వాయించగలిగేంత సులువుగా ఉంటుంది. పైన గిటార్లు ఎంత పెరిగినా ఆ వరస మాత్రం మారదు, వదలదు. అయినవాళ్లు పోయారన్న కబురు దూరదేశంలో ఫోన్లో విన్నవాళ్లకి ఆ వరస ఎందుకు వదలదో వేరే చెప్పనక్కర్లేదు. 65 ఏళ్ల వయసులో ఆయన తన గొంతుని కుర్రగా వినిపించడానికి ప్రయత్నించలేదు. నిజానికి ఆ గొంతు పెద్దగా మారనే లేదు. అందుకే, అదే గొంతు ఇప్పుడు మోస్తున్న బరువు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇండస్ట్రియల్ అనే మాట ఎక్కడిదో తెలిస్తే ఆ చప్పుడంటే సగం భయం పోతుంది. 1976లో లండన్‌లో త్రాబింగ్ గ్రిజిల్ అనే బృందం సొంతంగా పెట్టుకున్న రికార్డు కంపెనీ పేరు ఇండస్ట్రియల్ రికార్డ్స్. ఫ్యాక్టరీల కాలంలో బతికే మనుషుల సంగీతం ఫ్యాక్టరీలాగే మోగాలన్నది వాళ్ల పట్టుదల. హెవీ రాక్‌కీ ఆ పుట్టుమచ్చ ఉంది. బర్మింగ్‌హామ్‌లో, తర్వాత బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు అయిన టోనీ ఐయోమీ 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మెషీన్ కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. వేళ్లకి తొడుగులు చేసుకుని, ఆ తర్వాత నొప్పి తగ్గేలా తీగలు వదులు చేసుకుని వాయించాడు. బ్లాక్ సబ్బాత్ పాటల్లోని ఆ లోతైన మోతలో ఆ గాయం పాలు ఉంది. అందుకే ఈ రెండిటినీ నేను వేరు చేసి చూడలేను.

బెర్లిన్‌లో 1980లో మొదలైన ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ అనే బృందం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ పేరుకి అర్థం కూలిపోతున్న కొత్త భవనాలు. ఇనప ముక్కలు, స్ప్రింగులు, డ్రిల్లింగ్ మెషీన్లు వాళ్ల వాద్యాలు. 1984 జనవరిలో లండన్‌లో ఒక ప్రదర్శనలో ఆ బృందంలోని కొందరు వేదికనే డ్రిల్లులతో తవ్వబోయారు. ఆ మనుషులు 2024 ఏప్రిల్‌లో ‘రాంపెన్’ అనే 15 పాటల ఆల్బమ్ తెచ్చారు. వేదిక మీద అప్పటికప్పుడు, ముందు ఏమీ అనుకోకుండా చేసే భాగాన్ని వాళ్లు రాంపెన్ అంటారు. 2022 కచేరీల్లో అలా పుట్టినవాటిని తర్వాత స్టూడియోలో మళ్లీ చెక్కి ఈ పాటలు చేశారు. మనోధర్మం అనే మాట తెలిసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఇందులో ఇనుము ఇంకా మోగుతుంది కానీ ఎవరినీ భయపెట్టడానికి కాదు. ఇనప ముక్క మీద ఒక దెబ్బ పడుతుంది, అది పూర్తిగా ఆగిపోయేదాకా ఎవరూ తొందరపడరు. వాళ్ల గాయకుడు బ్లిక్సా బార్గెల్డ్ చెవి దగ్గర మాట్లాడినట్టు పాడతాడు. ఆయనా స్మిత్ లాగే 1959లోనే పుట్టాడు. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు. ఇండస్ట్రియల్‌లో ఒక్కటే వినడానికి టైముందంటే నేను చేతిలో పెట్టేది ఇదే.

అందరికీ నచ్చకపోవచ్చని తెలిసీ గట్టిగా చెప్పే ఆల్బమ్ కిమ్ గోర్డన్ చేసిన ‘ద కలెక్టివ్’. 2024 మార్చిలో వచ్చేసరికి ఆమెకి 70 ఏళ్లు. సోనిక్ యూత్ అనే రాక్ బ్యాండ్‌లో మూడు దశాబ్దాలు బాస్ గిటార్ వాయించిన మనిషి, ఇప్పుడు నేటి ర్యాప్ పాటల్లో వినిపించే బరువైన బీట్‌ల మీద, చిరిగిపోయిన గిటార్ శబ్దాల మీద మాట్లాడుతుంది. మొదటి పాట ‘బై బై’లో ఉన్నది ప్రయాణానికి సర్దుకునే సామాన్ల జాబితా, దాదాపు అంతే. సూట్‌కేసులు సర్దడం మన బతుకులో సగమైపోయింది కాబట్టి ఆ జాబితాలోని టెన్షన్ మనకి వెంటనే అందుతుంది. ఏది వదిలేసి వెళ్తున్నామో ఆమె చెప్పదు. చెప్పకపోవడంలోనే పాటంతా ఉంది.

స్వాన్స్ బ్యాండ్ 2025 మేలో తెచ్చిన ‘బర్తింగ్’ దాదాపు రెండు గంటలు, ఏడే పాటలు. దాన్ని నడిపించే మైకేల్ గిరాకి అప్పుడు 71 ఏళ్లు. తంబురా శ్రుతిలా ఒకే స్వరం నిలబడి ఉంటుంది, దాని చుట్టూ గిటార్లు, డ్రమ్స్ మెల్లగా పేరుకుని గోడంత ఎత్తున లేస్తాయి. ఒకేసారి కూర్చుని వినలేకపోతే రెండు రోజులు వినండి, కానీ పాటని మధ్యలో కోయకండి. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ ‘ట్రాన్: ఏరీస్’ సినిమాకి చేసిన సంగీతం 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ బ్యాండ్‌లోని ట్రెంట్ రెజ్నర్, అటికస్ రాస్ సినిమాలకి చాలాకాలంగా సంగీతం ఇస్తున్నా, ఆ పనికి బ్యాండ్ పేరు పెట్టింది ఇదే మొదటిసారి. గొంతున్న పాటలు కొన్నే. వాటికోసం వినొచ్చు. మిగతా చిన్న చిన్న ముక్కలు తెర లేకపోతే కొంచెం వెలితిగానే ఉంటాయి.

మినిస్ట్రీ అనే ఇండస్ట్రియల్ బ్యాండ్ విషయంలో నాకు అభ్యంతరం ఉంది. 2025లో వాళ్లు తమ తొలినాళ్ల సింథసైజర్ పాటల్ని మళ్లీ రికార్డు చేశారు. 1983 నాటి తన మొదటి ఆల్బమ్‌ని దశాబ్దాల పాటు అసహ్యించుకున్న బ్యాండ్ నాయకుడు ఆల్ జర్గెన్సన్ ఆ పాటలతో రాజీపడటం ఆయన మనసుకి మంచిదే. కానీ వినేవాళ్లకి అందులో కొత్తగా దొరికేది తక్కువ. పాత హిట్లు వినడానికి స్టేడియాలకి వెళ్లే మన అలవాటే ఇలాంటి ఆల్బమ్‌లని పుట్టిస్తోంది. మనం అభిమానించే కళాకారుడు ఈరోజు ఏమనుకుంటున్నాడో వినే ఓపిక మనకి లేకపోతే, ఆయన మాత్రం ఎంతకాలం చెప్తాడు?

కుర్రవాళ్లు లేరని కాదు. లాస్ ఏంజెలెస్ బ్యాండ్ హెల్త్ 2023 డిసెంబర్‌లో తెచ్చిన ‘ర్యాట్ వార్స్’లో ‘సికో’ అనే పాట వినండి. దాని అడుగున మోగేది 1989 నాటి గాడ్‌ఫ్లెష్ అనే బ్యాండ్ పాట. ఐయోమీ ఊరు బర్మింగ్‌హామ్‌లోనే ఇద్దరు మనుషులు, ఒక డ్రమ్ మెషీన్ కలిసి చేసిన శబ్దం అది. ముప్పై ఏళ్లు దాటినా దాని పదును పోలేదు. ఓక్లహోమా సిటీ బ్యాండ్ చాట్ పైల్ ‘కూల్ వరల్డ్’లో కూడా ఆ నీడ కనిపిస్తుంది. వాళ్ల పాటల్లో గొంతు కేకకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. ఆ బ్యాండే 2025లో హేడెన్ పెడిగో అనే గిటారిస్టుతో కలిసి ‘ఇన్ ద ఎర్త్ అగైన్’ చేసింది. అందులో ఎక్కువ చోట్ల గిటారు తీగలు మెత్తగా మోగుతుంటాయి. గోలకి భయపడేవాళ్లు అక్కడినుంచి మొదలుపెట్టి వెనక్కి రావచ్చు.

వీటిని పని చేసుకుంటూ, ఫోన్ స్పీకర్లో వినకండి. కింది స్వరాలు అందులో మోగవు, మిగిలేది రొద మాత్రమే. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, పాటలు వాళ్లు పెట్టిన వరసలోనే విన్నాక మీ తీర్పు మీరు చెప్పండి. క్యూర్ ఆల్బమ్‌లో చివరి పాట ‘ఎండ్‌సాంగ్’ పది నిమిషాలు దాటుతుంది. అందులో గొంతు ఆరు నిమిషాలు పోయాకే వస్తుంది. అప్పటిదాకా డ్రమ్స్ నడుస్తూనే ఉంటాయి, ఆగకండి.