నల్ల బెల్లం, పటిక, నేను

మొన్న డిసెంబర్లో మా ఆవిడ అరిసెల ఊసెత్తింది. అనకాపల్లి బెల్లం వైజాగ్‌లో ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు, కానీ నేను అప్పటికే ఫోన్‌లో వీడియోలు చూసి చూసి సగం డాక్టర్ని అయిపోయి ఉన్నాను. పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, ఒంటికి మంచిది నల్ల బెల్లమే, అది మార్కెట్‌కి వెళ్ళే తేవాలి అని తీర్మానం చేసేశాను.

"ఎలాగూ వెళ్తున్నారు కదా, గుమ్మానికి దిష్టికి కట్టిన పటిక ఈ సముద్రపు గాలికి కారిపోతోంది, ఓ పెద్ద గడ్డ తెండి" అంది.

2022 ఏప్రిల్లో అనకాపల్లి వేరే జిల్లా అయిపోయింది గానీ, మద్దిలపాలెంలో బస్సెక్కి గాజువాక, లంకెలపాలెం దాటితే వచ్చేస్తుంది కాబట్టి మాకు ఇంకా పక్క వీధి కిందే లెక్క. దిగగానే ముందు పటిక కొన్నాను. అదే నేను చేసిన తప్పు.

శారదా నది పక్క ఊరు, చుట్టూ చెరుకు. చెరుకు మీద పరిశోధన చేసే కేంద్రం 1913 నుంచీ అక్కడ ఉంది. బెల్లం మార్కెట్లో అడుగుపెడితే వాసనకే సగం కడుపు నిండుతుంది. పది కిలోలు దాటిన దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి, రంగు చూసి రేటు పాడతారు, తెల్లగా ఉన్నదానికి గిరాకీ, నల్లదాన్ని మూలకి తోస్తారు. (మన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి.)

బయట ఓ కొట్టుకెళ్ళి "నల్ల బెల్లం ఉందాండీ?" అన్నాను.

కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎంత కావాలేటి బాబూ?"

"పది కిలోలు."

"ఎందుకేటి?"

"ఇంట్లో తయారీకండీ. ప్రతి ఏడూ చేస్తాం. చుట్టాలకీ, ఆఫీసులో వాళ్ళకీ పంచుతాం."

ఆయన కళ్ళు నా చేతి సంచి మీదకి వెళ్ళాయి. పటిక గడ్డ తొంగి చూస్తోంది. "మేం ఆ యాపారం చెయ్యం బాబూ, ఎల్లండి" అని చేతులు జోడించేశాడు. బెల్లం కొట్టు పెట్టుకుని బెల్లం అమ్మనంటాడేంటి, పొగరు కాకపోతే అనుకున్నాను.

రెండో కొట్లో పేరు, ఫోన్ నంబరు, ఆధార్ అడిగారు. డిస్కౌంట్ కార్డు ఇస్తారు కాబోలని సంతోషంగా చెప్పాను, ఇంటి అడ్రసు కూడా నేనే అడగకుండా రాయించాను.

దిమ్మ ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. బొజ్జన్నకొండ మీద బౌద్ధ గుహలు చూద్దామనుకున్నాను గానీ పది కిలోలు మోసుకుంటూ ఆ మెట్లెక్కే ఓపిక లేదు. పక్క సీటాయన చాలాసేపు బెల్లాన్నీ పటికనీ మార్చి మార్చి చూసి, చెవి దగ్గరకి వంగి, "సరుకు ఎప్పటికి రెడీ అవుద్దండీ?" అన్నాడు.

అరిసెల మీద ఎంత ప్రేమ పాపం అనిపించింది. "భోగి ముందు రోజుకి తయారండీ. మా ఆవిడా, మా అత్తగారూ కూర్చుంటారు."

"ఆడోళ్ళే కాస్తారేటి!"

"పాకం దగ్గర మా అత్తగారి చెయ్యి పడాల్సిందేనండీ. ముప్పై ఏళ్ళ అనుభవం. తిన్నవాడు మళ్ళీ అడగాల్సిందే."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "తినడమేటి?"

"మరి అరిసెలు తినరా?"

ఆయన ముఖం చూశాను. బెల్లం, పటిక. నాటు సారా. ఆధార్, ఫోన్ నంబరు, అడ్రసు. చలికాలంలో, కిటికీ పక్కన, నాకు చెమటలు పట్టేశాయి.

గాజువాకలో దిగుతూ ఆయన ఇంకా నమ్మలేదు. "పోనీలెండి, మీ భయం మీది" అని నా భుజం తట్టి, "నాకో రెండు సీసాలు ఉంచండి" అన్నాడు, బస్సంతా వినపడేలా.