మా లంక బడిలో 33 శాతం వృద్ధి

ఈ ఏడాది గోదావరి పాయల మధ్య మా లంకలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో పిల్లల సంఖ్య 33 శాతం పెరిగింది. ఏ కార్పొరేట్ స్కూలుకైనా ఇంత పెరుగుదల వస్తే ఈపాటికి రావులపాలెం సెంటర్లో ఫ్లెక్సీలు లేచేవి. మా మాస్టారికి ప్రచారం చేతకాదు. నిరుడు ముగ్గురండీ, ఇప్పుడు నలుగురు అని ఊరుకుంటారు.

ఆ నాలుగోవాడు రొయ్యల చెరువు కాపలాకి వచ్చినవాళ్ల అబ్బాయి. చెరువులో రొయ్యలు పట్టేయడం అయిపోయి వాళ్లు ఇంకో చెరువుకి వెళ్లిపోతే మా బడి 25 శాతం పడిపోతుంది. అంటే మా ఊళ్లో ప్రాథమిక విద్య వనామీ రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగాయన్న లెక్క) మీద నడుస్తోందన్నమాట. విద్యాశాఖ, మత్స్యశాఖ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమే గానీ ఎవరికి పట్టింది!

హాజరు సంగతి ఇంకా సున్నితం. ఒకరికి జలుబు చేస్తే 75 శాతం. అన్నాచెల్లెళ్లిద్దరూ అమ్మమ్మతో అంతర్వేది తీర్థానికి వెళ్తే 50. సగం బడి ఏమైందని పైనుంచి ఫోనొస్తే, నరసింహస్వామి కల్యాణానికి వెళ్లిందని ఉన్నమాటే చెప్పారట మాస్టారు. ఆ కారణం యాప్‌లో లేదన్నారట.

ఇక ప్రతిభ. ఐదో తరగతిలో ఒక్కతే అమ్మాయి. క్లాస్ ఫస్టూ తనే, లాస్టూ తనే. తెలుగు గడగడా చదువుతుంది, భాగహారం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మా బడి ఐదో తరగతి విద్యార్థుల్లో 100 శాతం మందికి భాగహారం రాదు! ఆందోళనకరమైన పరిస్థితి, వెంటనే కార్యాచరణ ప్రణాళిక పంపమన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని రోజూ ఓ అరగంట చెబితే వారంలో వచ్చేస్తుందని మాస్టారికి తెలుసు. ఆ అరగంటలో ఆయన ప్రణాళిక రాస్తున్నారు.

అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. మా బడిలో ఒక్కరే. హెచ్ఎమ్మూ ఆయనే, ఐదు తరగతులకూ మాస్టారూ ఆయనే, ఫోన్లో ముఖం చూపించి హాజరు వేయించుకునే సిబ్బందీ ఆయనే. మధ్యాహ్నం తలా వంద గ్రాముల లెక్కన నాలుగు వందల గ్రాముల బియ్యం తూచి ఇచ్చేదీ, ఆ అంకె ఎక్కించేదీ ఆయనే. ఆ భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మన లంకల గన్నవరం తల్లి, ఆకలితో ఎవరొచ్చినా పెట్టింది. ఎంతమందికి పెట్టిందో ఏ పూటకాపూట అప్‌లోడ్ చేయాల్సిన ఖర్మ మాత్రం ఆవిడకి పట్టలేదు.

పిల్లలెందుకు తగ్గారో తేల్చడానికి కమిటీ అక్కర్లేదు, పొద్దున్నే ఏటిగట్టు మీద నిలబడితే చాలు. పసుపు వ్యాన్లు వరసగా వస్తాయి. మూడున్నరేళ్లకే ఎల్‌కేజీ అని ఎక్కించేస్తారు, ఐదేళ్లు నిండి మన బడి గుర్తొచ్చేసరికి వాడు అక్కడ రెండు పుట్టినరోజుల చాక్లెట్లు పంచేసి ఉంటాడు. బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బులు ప్రైవేటులో చదివినా పడతాయి, వ్యాను ఫీజుకి ఆసరా. 2022లో 117 జీవో వచ్చి చాలా ఊళ్లలో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి నడిపించింది. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. జీవో అయితే వెనక్కి వచ్చింది, పిల్లలే రాలేదు. తల్లిదండ్రుల్ని పూర్తిగా తప్పుపట్టలేం లెండి, ఐదు తరగతులకి ఒక్క మనిషంటే ఎవరికైనా టెన్షనే.

అయితే బడి మూసేస్తారని ఈమధ్య పుకారొచ్చింది. అప్పుడు చూడాలి మా ఊరి విద్యాభిమానం! రచ్చబండ దగ్గర నిలబడ్డానికి చోటు లేదు. "బడి మా ఊరి గుండెకాయ" అని గద్గద స్వరంతో మాట్లాడిన పెద్దాయన మనవలు అమలాపురంలో చదువుతున్నారు. మధ్యలో వ్యాన్ హారన్ వినపడితే సగం సభ లేచి పిల్లల్ని దింపుకోవడానికి పరిగెత్తి, మళ్లీ వచ్చి ఆవేశం అందుకుంది.

వాళ్ల బాధ అబద్ధం కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 17.75 అడుగులొచ్చి మూడో ప్రమాద హెచ్చరిక పడితే ఊరంతా తలదాచుకునేది ఆ డాబాలోనే. ఆ రోజుల్లో మా బడి కిటకిటలాడుతుంది, పులిహోర పొట్లాల దగ్గర డ్రాపౌట్లు అసలుండవు. ఓట్లు పడేదీ అక్కడే, పెళ్లిళ్లకి వంటలు వండేదీ ఆ వరండాలోనే. ఇన్ని పనులకొచ్చే బడిని కేవలం చదువుకోవడానికి పిల్లలు లేరన్న చిన్న కారణంతో మూసేయడం అన్యాయం.

సభ ఏకగ్రీవంగా తీర్మానాలు చేసింది. బడి ఉండాలి, ప్రహరీ ఎత్తు పెంచాలి, గేటుకి దాత పేరు రాయాలి. అంతా అయ్యాక మాస్టారు లేచి, వచ్చే జూన్‌లో ఎవరైనా ఒక్క పిల్లనో పిల్లాడినో చేర్పిస్తారాండీ అని అడిగారు.

"అది వేరే అజెండా మాస్టారూ, దానికి ఇంకో మీటింగు పెట్టుకుందాం" అన్నారు ప్రెసిడెంటు గారు.