‘సర్దుకుపో’ను అధికారిక పథకంగా ప్రకటించాలి

దేశంలో ఏ పథకానికీ దక్కని విజయం ఒక్కదానికి దక్కింది. దానికి బడ్జెట్ లేదు, జీవో లేదు, శిలాఫలకం అసలే లేదు. అయినా గడప గడపకూ చేరింది. పేరు ‘సర్దుకుపో’. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడదానికి అందరూ ఉచితంగా ఇచ్చే సలహా అన్నమాట. ప్రభుత్వం దీన్ని ఇంతవరకూ అధికారికంగా గుర్తించకపోవడం చాలా అన్యాయం.

దీనికి పోటీగా గృహహింస చట్టం అని ఒకటుంది. 2005లో చేశారు, 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. కాగితం మీద మంచి చట్టమే, పాపం. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలంటుంది. అక్కణ్నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ‘ప్రయత్నించాలి’ అంటుంది. ఆ ప్రయత్నం చాలా కేసుల్లో ఏళ్ల తరబడి చిత్తశుద్ధితో సాగుతూనే ఉంటుంది. సర్దుకుపోలో వాయిదాల బాధ లేదు. ఆమె నోరు తెరిచీ తెరవకముందే తీర్పు: ‘ఏ ఇంట్లో లేవమ్మా గొడవలు?’

సిబ్బంది సంగతి చూడండి. బాధితురాలికి సాయపడడానికి జిల్లా జిల్లాకూ రక్షణాధికారులు ఉండాలని చట్టం చెప్పింది. చాలాచోట్ల అప్పటికే పది పనులున్న అధికారికి పదకొండో పనిగా దీన్ని అంటగట్టారు. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు కావస్తుండగా, 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను పిలిచి ‘ఆరు వారాల్లో రక్షణాధికారుల్ని గుర్తించండి’ అని చెప్పాల్సొచ్చింది. అన్నాళ్లూ వాళ్లెక్కడున్నారో వెతుకుతున్నట్టున్నారు. మన పథకంలో ఖాళీ పోస్టంటూ లేదు. అత్తగారు, మేనత్త, పక్కింటి పిన్నిగారు, కులపెద్ద అందరూ పైసా జీతం లేకుండా 24 గంటలూ డ్యూటీలోనే ఉంటారు. స్టేషన్లో ఎస్సైగారి సేవ మరీ ప్రత్యేకం. పెన్ను మూత తీయకుండానే ‘కేసు పెడితే కాపురం పోతుంది, పిల్లల మొహం చూడమ్మా’ అని కౌన్సెలింగ్ ముగిస్తారు. కొట్టినవాడికి టీ కూడా చెప్తారు. పాపం, టెన్షన్లో ఉన్నాడు కదా!

ఇక ప్రజామోదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి వినిపించారు. చెప్పకుండా బయటికెళ్లడం, ఎదురు మాట్లాడడం, వంట సరిగా చేయకపోవడం వగైరా. వీటిలో ఏదో ఒకదానికైనా మొగుడు కొట్టొచ్చని తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం మంది ఆడవాళ్లే ఒప్పుకున్నారు. నీళ్ల దగ్గర్నుంచి దేనికీ కలవని రెండు రాష్ట్రాలకు ఇక్కడ మాత్రం దశాంశాల తేడాతో ఒకటే మాట. అదే సర్వేలో, హింసకు గురైన వాళ్లలో దేశం మొత్తం మీద 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఫిర్యాదులు ఇంత తక్కువగా ఉన్న శాఖ ఇంకోటి చూపించండి, చూద్దాం.

నినాదం కోసం తడుముకోనక్కర్లేదు. ‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’ అని ఎప్పుడో సామెత సిద్ధం చేసిపెట్టారు. దోషి తోడికోడలని తేలిపోయింది కాబట్టి, కొట్టిన చెయ్యి ఎవరిదని విచారించిన దాఖలాలు లేవు.

ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుందని, అవసరమైతే అతన్నే బయటికి పొమ్మని మేజిస్ట్రేటు ఆదేశించొచ్చని చట్టం అంటుంది. మనవాళ్లకు ఇది మింగుడుపడదు. వాళ్ల లెక్కలో ఇల్లు కదలదు, మగాడు కదలడు, కదలాల్సింది ఆమె సూట్‌కేసే. బాధిత మహిళల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి ఐదు రోజుల వరకు. ఆ తర్వాత పుట్టిల్లుంది. అక్కడ చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు కనుక, ఆరో రోజే ‘ఎప్పుడెళ్తావమ్మా?’ అని ప్రేమగా అడుగుతారు.

ఆమె జోలికి వెళ్లొద్దని మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ ఉత్తర్వు ప్రకారం తన పని చేయని రక్షణాధికారికీ శిక్ష సరిగ్గా అంతే. చూశారా సమానత్వం! కాకపోతే అధికారి మీద కేసు నడవాలంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. భర్తకు ఆ సౌకర్యం చట్టం ఇవ్వలేదు, ఊరు ఇచ్చింది.

సర్దుకుపోలో నష్టపరిహారం విభాగం లేదు గానీ, పరామర్శ విభాగం మాత్రం మహా బలమైనది. ఏదో ఒక తెల్లవారుజామున ఆ ఇంటి ముందు టెంటు వేశాక, అదే పిన్నిగారు, అదే కులపెద్ద వచ్చి ‘ఒక్క మాట మాతో చెప్పకపోయావా తల్లీ’ అని ముక్కు చీదుతారు. ఆమె చెప్పింది, ఇదే పిన్నిగారి అరుగు మీద కూర్చుని. ఆ రోజే ఆ ఫైలు పరిష్కారమైనట్టు రాసుకుని మూసేశారు.