'అచ్చం నాటుకోడి లాగే ఉంటుంది' గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'అచ్చం నాటుకోడి లాగే ఉంటుంది' గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మొన్న ఆదివారమే, వేటమాంసం రుచి ఎలా ఉంటుందని ఎవరో అడిగితే, మా బాబాయి నోట్లో నిక్షేపంగా కనిపించారు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆయన జుట్టు రాలింది, పళ్ళు సగం రాలాయి, మీరు మాత్రం చెక్కుచెదరలేదు.

మన మొదటి పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు. మార్కాపురం నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో, నల్లమల అంచున మా నాయనమ్మ ఊరు. నాకు ఎనిమిదేళ్ళు. ఒక తెల్లవారుజామున బాబాయి, ఆయన స్నేహితులు ముగ్గురు, రెండు కుక్కలు, ఒక గోనెసంచి ఇంటికి వచ్చారు. సంచి కదులుతోంది. నాయనమ్మ దాన్ని చూసి, "నా పొయ్యి దగ్గరికొచ్చారో, కాళ్ళు విరగ్గొడతా" అంది. దాంతో వంట పెరట్లోకి మారింది. గడ్డివాముకి దూరంగా మూడు రాళ్ళు, దాని మీద ఇంట్లో దేనికీ వాడని ఒక సొట్టల సత్తుగిన్నె.

ఆ కూర ఎలా వండారో ఇప్పటికీ కళ్ళముందు ఉంది. అల్లం వెల్లుల్లి ముద్ద దోసెడు. గుంటూరు కారం, పోసినవాడికే లెక్క తెలియదు. ధనియాలు, చెక్క, లవంగాలు, గసాలు, ఎండుకొబ్బరి. నీచువాసన పోలేదని ఒకాయన మళ్ళీ అల్లం వేశాడు. ఇంకా పోలేదని ఇంకొకాయన మళ్ళీ మసాలా వేశాడు. మూడు గంటలు ఉడికించారు. ఆ గిన్నెలో బాబాయి పాత చెప్పు పడేసినా అదే కూర అయ్యేది.

నాకూ ఒక ముక్క పెట్టారు. అది ఉడుమని తిన్నాక చెప్పారు. ముందు కారం తగిలింది, తర్వాత అల్లం, తర్వాత మళ్ళీ కారం. "ఎట్టుందిరా?" అన్నాడు బాబాయి. నేను నోరు తెరిచేలోపు ఆయన స్నేహితుడు నా తరఫున మిమ్మల్ని పలికేశాడు. "ఎట్టుంటది, అచ్చం నాటుకోడి లాగే ఉంటది." అందరూ తలలూపారు. నేనూ ఊపాను, కారానికి.

ఆ రోజు నుంచి మీరు నన్ను వదల్లేదు. ఉడుముపట్టు అంటే ఉడుముదని అనుకుంటారు గానీ, అసలు పట్టు మీది. కుందేలు తిన్నవాణ్ణి అడిగితే మీరే, కాకపోతే "కొంచెం మెత్తన." కౌజుపిట్ట తిన్నవాణ్ణి అడిగితే మీరే, "సైజు చిన్న, అంతే." తాబేలుకీ మీరే, "కాస్త జిగురు." ఏదుపందికీ మీరే, "కొవ్వెక్కిన నాటుకోడి అనుకో." సైన్యంలో చేసి వచ్చిన మా ఊరి ఆయన ఈశాన్యంలో కప్పల కూర తిన్నాడట. ఆ కప్పలు కూడా, సరిహద్దు దగ్గర, మిమ్మల్నే తలుచుకున్నాయట.

సముద్రాలు దాటినా అంతే. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. టెక్సాస్‌లో స్వీట్‌వాటర్ అనే ఊళ్ళో 1958 నుంచి ఏటా మార్చిలో గిలకపాముల (రాటిల్‌స్నేక్) పండగ చేస్తారు. బుట్టలకొద్దీ పాములు పట్టి తెస్తారు, అక్కడే ముక్కలు కోసి పిండిలో ముంచి వేయించి అమ్ముతారు. ఇతను ఒక ప్లేటు తిని అర్ధరాత్రి నాకు వీడియో కాల్ చేశాడు. నాకు టెన్షన్, ఏమైందోనని. "బావా, పాము తిన్నా. టేస్ట్ అచ్చం నాటుకోడే బావా!" ఈ అబ్బాయి పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో. నాకు తెలిసినంతలో జీవితంలో ఒక్క నాటుకోడి కూడా తినలేదు. అయినా సాక్ష్యం చెబుతున్నాడు.

ఇంత పలుకుబడి ఉన్న మీరు ఒక్కచోట మాత్రం కనిపించరు. మనం పెంచుకునే కోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఎర్ర అడవికోడి. అంటే అడవి మొత్తంలో 'నాటుకోడిలా ఉంటా' అని చెప్పుకునే హక్కు చట్టబద్ధంగా ఉన్నది దానికొక్కదానికే. దాన్ని తిన్నవాణ్ణి అడిగి చూడండి. "నాటుకోడా? ఛ! అడవికోడి రుచే వేరు" అంటాడు.

మీ పక్షాన సైన్సు కొంత ఉంది, కాదనను. మాంసానికి ఎరుపు రంగు, ఆ రక్తపు రుచి ఇచ్చేది మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. అది తక్కువగా ఉన్న కండ తెల్లగా, చప్పగా ఉంటుంది. కోడి రొమ్ము అలాంటిదే, కప్ప కాలు అలాంటిదే. ఇక ఏ జంతువు రుచి ఆ జంతువుదిగా తెలిసేది చాలావరకు దాని కొవ్వు వల్ల. మా వాళ్ళు చేసే పనేమిటంటే, ఉడుము కొవ్వంతా ముందే జాగ్రత్తగా తీసి, కరిగించి, మోకాళ్ళ నొప్పులకని సీసాలో దాచుకుంటారు. రుచి సీసాలోకి పోయింది. మిగిలిన చప్పటి కండని అల్లంలో ముంచుతారు. ఇంకేం మిగిలింది, మీరే మిగిలారు. (మోకాళ్ళ సంగతి అంటారా, బాబాయి నలభై ఏళ్ళుగా ఆ నూనె రాస్తున్నాడు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాడు.)

నా బాధ ఇదీ. నాటుకోడి రుచే కావాలంటే నాటుకోడి సంతలో దొరుకుతుంది కదా. దానికి తుపాకి అక్కర్లేదు, రాత్రంతా పొదల్లో దోమలు కుట్టించుకోవక్కర్లేదు, బెయిలు అక్కర్లేదు. మరి ఎందుకు వెళతారు? నేను చాలాకాలం గమనించి కనిపెట్టాను. వాళ్ళు తినేది ముక్క కాదు, ముచ్చట. ఒక ఉడుము గంటలో అయిపోతుంది. దాన్ని పట్టిన కథ నలభై ఏళ్ళు వడ్డించుకోవచ్చు. ఎంత తిన్నా తరగదు. మా బాబాయి ఉడుము మొదట మూరెడుండేది. నా పెళ్ళినాటికి బారెడయింది. ఇప్పుడు అది చెట్టెక్కి తోకతో కుక్కని కొట్టిందట.

తెలంగాణ పల్లెల్లో పిట్టల దొర అని వచ్చేవాడు, చూసే ఉంటారు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. వీధిలో నిలబడి లేని ఆస్తులూ, చేయని వేటలూ కోతలు కోసేవాడు, జనం పొట్ట పట్టుకుని నవ్వి గింజలు వేసేవారు. తుపాకి రాముడన్నా ఆయనే. ఆయనకీ మా బాబాయికీ తేడా ఒక్కటే. పిట్టల దొర తుపాకి కట్టెది కాబట్టి పిట్టలు బతికాయి.

బాబాయి తుపాకి కట్టెది కాదు, నాటుది. ముందు నుంచి మందు కూరి, సీసం గుళ్ళు కూరి పేల్చే రకం. ఒక దసరాకి కుందేలు కూరలో ఒక గుండు ఆయన దవడ కింద పడింది. పన్ను రెండు ముక్కలు. నొప్పితో కళ్ళు తిరుగుతున్నా ఆయన ఒప్పుకోలేదు. "అడివి కుందేలు ఎముక అట్టా ఉంటదిరా, ఉక్కు!" అన్నాడు. ఆ పక్కనే కూర్చున్నాయన మిమ్మల్ని ఎత్తుకోబోయి, పరిస్థితి చూసి ఆగిపోయాడు. మీరు తడబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"అప్పట్లో ఈ చట్టాలన్నీ లేవురా" అనేది బాబాయి ఇంకో మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అప్పటికి ఆయనకి పన్నెండేళ్ళు, మీసం కూడా రాలేదు. ఉడుము అందులో మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న షెడ్యూలే. వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తగ్గదు. అంతకన్నా నాకు నచ్చింది 39వ సెక్షను. వేటాడిన జంతువు, దాని మాంసం కూడా, ప్రభుత్వ ఆస్తి. అంటే ఆ రోజు మా పెరట్లో మూడు రాళ్ళ మీద ఉడికింది బాబాయి కూర కాదు, సర్కారు సొత్తు. నేను ఎనిమిదేళ్ళ వయసులో కలెక్టరాఫీసు కుర్చీ లాంటిదాన్ని కారం వేసి నమిలానన్నమాట.

ఇంకో సంగతి. నాలుకని మీరు మోసం చేయగలరు గానీ, హైదరాబాదు అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాల ఉంది, దాన్ని మోసం చేయలేరు. లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ అనే శాస్త్రవేత్తలు కలిసి తయారు చేసి 2003లో ప్రకటించిన పద్ధతి ఒకటుంది. చిన్న మాంసం ముక్క చాలు, అందులో డీఎన్ఏలో ఒక చిన్న భాగం చదివి అది ఏ జంతువో చెప్పేస్తారు. ఆ యంత్రానికి అల్లం వెల్లుల్లి పట్టింపు లేదు. "సార్, అచ్చం నాటుకోడి లాగే ఉంది" అని రిపోర్టు రాసే అలవాటూ లేదు.

ఆ పరీక్ష మాకు చేయిస్తే బాగుండేదని ఒకసారి అనిపించింది. హైదరాబాదులో ఆఫీసు మిత్రుడొకడు ఎవరో తెచ్చిచ్చారని, మామూలు మటన్‌కి మూడింతలు పెట్టి దుప్పి మాంసం కొన్నాడు. తప్పని తెలిసీ అందరం వెళ్ళాం, నేనూ వెళ్ళాను, దాచుకోవడం దేనికి. తిన్నాం. ఒకడు "ఈ అడవి వాసన మటన్‌కి రాదబ్బా" అన్నాడు. ఇంకొకడు కళ్ళు మూసుకుని నమిలాడు. నెల తర్వాత తెలిసింది, అది ముసలి మేక. అది అచ్చంగా మేక మాంసమైన రోజున, మాలో ఒక్కడికీ మేకమాంసంలా ఉందని అనిపించలేదు!

మీ నవ్వు నాకు వినిపిస్తోంది. కానీ నవ్వలేని వార్త ఒకటి ఏటా పేపర్లో వస్తుంది. అడవిపంది కోసం పొలం చుట్టూ తీగ లాగి కరెంటు ఇస్తారు. పంది రాదు. తెల్లారగట్ల మోటారు వేయడానికి వెళ్ళిన పక్క పొలం రైతు వస్తాడు. పంటను నాశనం చేసే పందిని చంపాలన్నా అనుమతి తీసుకునే పద్ధతి ఒకటుంది. అది తెలిసినవాళ్ళు కూడా తీగే లాగుతారు, పంట దక్కడం, కూర దొరకడం రెండు పనులూ అవుతాయని.

అడవిని తిని బతికేవాళ్ళందరినీ నేను ఒకే గాట కట్టడం లేదు. నెల్లూరు వైపు వరిచేలల్లో ఎలుకలు పట్టే యానాదులను చూశాను. కుండలో గడ్డి కూరి నిప్పంటించి, బొరియలోకి పొగ ఊదుతారు. రెండో బొరియ దగ్గర ఇంకొకరు కాపు కాస్తారు. రైతు కూలి ఇస్తాడు, బొరియలో దాచిన గింజలూ వీళ్ళకే. కాల్చుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ, "నాటుకోడిలా ఉంటుందా తాతా?" అని మీ పేరెత్తాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎలక ఎలకలాగే ఉంటదయ్యా. వరి కోతలప్పుడు తియ్యగా ఉంటది. గట్టుమీదిది అంత బాగుండదు" అన్నాడు. తిండి గురించి మా బాబాయి బృందం నలభై ఏళ్ళలో చెప్పనిది ఆయన మూడు ముక్కల్లో చెప్పేశాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు కూడా తన గ్రంథంలో పొలం ఎలుకని ఎలా ఎంచుకోవాలో, నూనెలో ముంచి బొచ్చు ఎలా తీయాలో వివరంగా రాశాడు. రాజుగారికీ మీ అవసరం పడలేదు.

శ్రీకాళహస్తిలో తిన్నడి కథ అందరికీ తెలిసిందే. పేరు వింటేనే తిండి గుర్తొస్తుంది. వేటాడిన పంది మాంసం కాల్చి, ఒక్కొక్క ముక్కా నోట్లో వేసుకుని చూసి, బాగున్నవే ఏరి శివుడికి పెట్టాడు. అది రుచి చూడటమంటే. 'స్వామీ, అచ్చం నాటుకోడి' అని ఆయనా అనలేదు, ఆరగించినాయనా అనలేదు.

అందుకని నా విన్నపం, తమరు ఒక ఏడాది సెలవు పెట్టండి. మీరు లేకపోతే "ఎట్టుంది?" అన్న ప్రశ్నకి మావాళ్ళు ఏం చెబుతారో చూడాలనుంది. నా అనుమానం, "కారం ఎక్కువైంది" అంటారు.

సెలవు అడగడానికి కారణం మొన్నటి సంక్రాంతి. మావాణ్ణి ఊరికి తీసుకెళ్ళాను. పదేళ్ళవాడు, పుట్టినప్పటి నుంచి తిన్నదంతా బ్రాయిలరు. బాబాయి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఉడుము కథ మొదటి నుంచీ చెప్పాడు, చెట్టెక్కడం, తోకతో కొట్టడం, చివర్లో మిమ్మల్ని కూడా. ఈలోగా పిన్ని వడ్డించింది. పెరట్లో తిరిగిన ఏడాదిన్నర పుంజు, గారెలతో. వాడు ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. నావైపు అనుమానంగా చూశాడు.

"నాన్నా, ఇది ఉడుమా?"

బాబాయి ప్లేట్లోంచి తల ఎత్తలేదు.

ఇట్లు,
తమరి పాత బాధితుడు