లాజిస్టిక్స్ ఎంబీఏలో ఐదో కుర్చీ

మన కర్నూలు పిల్లలు ఇప్పుడు సరుకు రవాణాలో పీజీ చేస్తున్నారు. మెచ్చుకోవలసిన విషయమే. ఎంబీఏలో లాజిస్టిక్స్, సప్లై చైన్ తీసుకుని, రెండేళ్లు ఫీజు కట్టి, ఒక ఊరి సరుకు ఇంకో ఊరికి ఎట్లా పోతుందో నేర్చుకుంటున్నారు. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కిరాణా నడిపే వాళ్ల నాయనలకు ఆ శాస్త్రం తెలియదు. ఇన్నాళ్లూ వాళ్ల అంగళ్ల ముందు లారీలు దిగిందంతా అజ్ఞానంలోనే.

ఈ చదువుకు పునాది 1913 నాటి ఒక సూత్రం. ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు రాశాడు. ఒక్కసారికి ఎంత సరుకు తెప్పించాలి అనే ప్రశ్నకు ఆయన జవాబిది: ఏడాది అమ్మకాన్ని ఒక్కో ఆర్డరుకయ్యే ఖర్చుతో గుణించి, రెండింతలు చేసి, నిల్వ ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. నిల్వ ఖర్చు రెట్టింపైతే ఆర్డరు సుమారు 30 శాతం తగ్గించుకోవాలి. ఒక పిల్లోడు ఇది ఇంట్లో చెప్పాడనుకుందాం. నాయన కందిపప్పు మూట మీద చెయ్యి వేసి, "నూటికి రెండు వడ్డీ కడ్తాండా. అది నీ లెక్కలో యాడుందిరా?" అంటాడు. ఉంది పెద్దాయనా, కింద హారంలోనే ఉంది. లేనిదల్లా రంజాన్‌కు ముందొకసారి, ఉగాదికి ముందొకసారి వచ్చి, అప్పుకు సరుకు పట్టుకుపోయి, పంట అమ్మినాక గానీ మొహం చూపించని పల్లె అంగడివాళ్లు. హారిస్ గారి గిరాకీ ఏడాది పొడుగునా ఒకే తీరుగా నడుస్తుంది. ఆయన రాయలసీమ చూడలేదు కాబట్టి క్షమించేద్దాం.

దేశం లెక్కలు ఇంకా ఘనం. జీడీపీలో 13, 14 శాతం సరుకు రవాణాకే పోతోందని పెద్దలు చాలాకాలం బాధపడ్డారు. దాన్ని తగ్గించాలని 2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం తెచ్చారు. మరుసటి ఏడాది ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ కొత్తగా లెక్క కట్టి, 2021-22లోనే ఆ ఖర్చు 7.8 నుంచి 8.9 శాతం మధ్య ఉందని తేల్చింది. అంటే విధానం పుట్టకముందే ఫలితం వచ్చేసింది! హైవేలో లారీ అదే వేగంతో పోతోంది, టోల్‌గేటు దగ్గర డ్రైవరు అదే తిట్టు తిడుతున్నాడు, ఖర్చు మాత్రం సగానికి దగ్గరగా దిగింది. ఇంత చౌకైన రవాణా ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

అసలు సంగతికి వస్తాను. ఈ కోర్సుల్లో ఒక ఆట ఆడిస్తారు. పేరు బీర్ గేమ్. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. నాలుగు కుర్చీలు వేస్తారు. చిల్లర వర్తకుడు, హోల్‌సేలర్, పంపిణీదారు, ఫ్యాక్టరీ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఆర్డరు చీటీ మాత్రం అందించాలి. బయట గిరాకీ వారానికి 4 పెట్టెల నుంచి 8కి ఒక్కసారి పెరిగి, అక్కడే నిలబడిపోతుంది. అంతే. అయినా చిల్లర అంగడివాడు కొంచెం కంగారుపడి ఆర్డరు పెంచుతాడు, హోల్‌సేలర్ ఇంకొంచెం పెంచుతాడు, చివరికి ఫ్యాక్టరీ గోడౌన్ నిండా సరుకు పేరుకుపోతుంది. మిగిలిన పెట్టెకు వారానికి అర డాలరు, ఇవ్వలేకపోయిన పెట్టెకు డాలరు జరిమానా. గంట కొట్టగానే అందరూ నవ్వుకుంటూ క్యాంటీన్‌కు పోతారు.

నోటీసు బోర్డు మీద బీర్ అని రాయడం మన కాలేజీల్లో బాగుండదనుకుంటే మజ్జిగ ఆట అనుకోవచ్చు. మజ్జిగ సాయంత్రానికి పులుస్తుంది గదా, ఎంఐటీ బీరుకు లేని మంచి గుణం అది. కానీ నా ఫిర్యాదు పేరు గురించి కాదు. బార్లీ పండించినోడికి ఆ ఆటలో కుర్చీ లేదు.

కర్నూలులో ఆ లోటు సులువుగా తీరుతుంది. మార్కెట్ యార్డు ఊళ్లోనే ఉంది. ఉల్లిగడ్డ ఆట అని పెట్టి, ఐదో కుర్చీ వేద్దాం. అందులో కూర్చున్నవాడికి ఒక్కటే ఎత్తు, అది కూడా ఆట మొదలు కావడానికి నాలుగు నెలల ముందు. పోయినేడు ధర చూసి విత్తనం వేయడం. ఇక వాడు చేతులు కట్టుకుని చూడాలి. మిగతా నలుగురు ఆర్డర్లు మార్చుకోవచ్చు, ఆపుకోవచ్చు, "రేపు చూద్దాం లేప్పా" అనొచ్చు. వాడు అనకూడదు. ఎందుకంటే మనది ఖరీఫ్ గడ్డ, నీరు ఎక్కువ. నాసిక్ రబీ గడ్డ లాగా నెలల తరబడి షెడ్డులో కూర్చోదు.

ప్రాక్టికల్స్ యార్డులోనే పెట్టాలి. రాత్రి వాన పడ్డ మరుసటి పొద్దున విద్యార్థి టార్పాలిన్ పట్ట ఎత్తి, కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాలి. పైన గడ్డలు గులాబి రంగులో నిగనిగలాడుతుంటాయి. జానెడు లోపల వెచ్చగా, జిగటగా తగులుతుంది, నల్లబూజు వేలికి అంటుతుంది. ఆ వాసన ఏ యూనిట్ కిందికి వస్తుందో రాస్తే ఐదు మార్కులు. పక్కనే హమాలీ దబ్బణంతో గోతాం మూతి కుడుతుంటాడు, వాడి ఎదుటే సరుకు పాడవకుండా చూడడం ఎట్లా అని వైవా. తాడేపల్లిగూడెం పంపితే బాడుగ ఎంత, హైదరాబాద్ పంపితే ఎంత, పారబోస్తే ఎంత మిగులుతుంది అన్నది మూడో ప్రశ్న. తెలివైన విద్యార్థి పారబోయడానికే ఎక్కువ లాభం చూపిస్తాడు. లెక్క తప్పు కాదు, పూర్తి మార్కులు వేయాలి.

ఆరో కుర్చీ కూడా ఉంది, ప్రభుత్వానికి. అందులో కూర్చునేవాడు ఆట ముప్పావు వంతు అయినాకే గదిలోకి రావాలి, అది నియమం. 2025లో ఉల్లి ధర పడిపోయినప్పుడు క్వింటా 1,200 రూపాయలకు సర్కారు తరఫున పంట కొనే మార్క్‌ఫెడ్ కొంటుందన్నారు. ఆ తర్వాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం అన్నారు. మంచిదే, కాదనను. అయితే క్లాసులో ఈ కుర్చీ దగ్గర ఒక టీవీ కెమెరా పెట్టకపోతే ఆట సహజంగా ఉండదు.

చిక్కంతా ఐదో కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే. ఈ క్లాసులో సగం మంది ఇళ్లల్లో ఆ కుర్చీ ముందే ఉంది. ఫీజు కట్టింది కూడా అక్కడినుంచే. దాంట్లోంచి లేవడానికే గదా నాయనా వాళ్లు లాజిస్టిక్స్‌లో చేరింది. చీటీలు వేసి తేల్చమంటే, చీటీ తగిలినోడు హెచ్ఆర్‌కు మార్చమని అర్జీ పెట్టుకుంటాడు. అందుకని ఆ కుర్చీకి గ్రేస్ మార్కులు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను. అవి ఎప్పుడిస్తారన్నది మాత్రం ముందే చెప్పకూడదు.

ఆట అయినాక తక్‌పట్టీ రాసి అతని చేతికివ్వాలి. పైన సరుకు విలువ, కింద కోతలు, అడుగున మిగిలింది. మిగలకపోతే ఎదురు కట్టాలి. ఆరు కుర్చీలూ మడిచి మూల పెట్టే హమాలీ కూలి కూడా అతని లెక్కలోనే.