సిటీ కారేగా అని ఏది పడితే అది పోసేస్తారా?

మాది 2007 హోండా సిటీ జెడ్ఎక్స్ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. సిగ్నల్ దగ్గర బ్రేక్ మీంచి కాలు తీసి కదిలేటప్పుడు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. గేర్‌బాక్స్ ఆయిల్ మార్పిస్తే తగ్గుతుందేమోనని విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డుకి తీసుకెళ్లా. మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు, కుర్రాణ్ణి కేకేసి "ఒరేయ్, ఆ ఎర్ర ఆయిల్ పట్రా" అన్నాడు. డబ్బా చూస్తే డెక్స్‌రాన్ 3, అంటే మామూలు గేర్ల ఆటోమేటిక్‌లో పోసే ఆయిల్ (ఏటీఎఫ్). ఇది సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) కదండీ అంటే, "సిటీ కారేగా సార్, మొన్ననే ఇంకో సిటీకి ఇదే పోశాం, ఏం కాదు" అన్నాడు. ఈలోపు కుర్రాడు కారు కిందికి దూరి డ్రెయిన్ బోల్టుకి స్పానర్ తగిలించేశాడు. ఆపు బాబూ ఆపు అని అరిచాను.

మా ఇంట్లో తాతగారి పేరే ముగ్గురు మనవళ్లకి పెట్టారు. పేరు ఒకటే కదా అని ఒకడి బీపీ మాత్ర ఇంకొకడికి వేస్తామా?

సిటీ సంగతీ అంతే. 2003 తర్వాత వచ్చిన మోడల్‌లోనూ, ఆ తర్వాతి జెడ్ఎక్స్‌లోనూ ఉన్నది సీవీటీ. రెండు పుల్లీలు, మధ్యలో ఉక్కు బెల్టు, ఆయిల్ ద్వారా ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ బదులు, బండి కదిలేటప్పుడు పట్టుకునే స్టార్ట్ క్లచ్. దానికి హోండా చెప్పిన ఆయిల్ హెచ్ఎంఎంఎఫ్. 2008 చివర్లో వచ్చిన సిటీలో మామూలు 5 గేర్ల ఆటోమేటిక్, దానికి జెడ్1, తర్వాత దాని బదులు వచ్చిన డీడబ్ల్యూ1. మళ్లీ 2014 మోడల్‌లో సీవీటీయే, కానీ ఈసారి టార్క్ కన్వర్టర్‌తో, ఆయిల్ హెచ్‌సీఎఫ్2. ఆఖరికి ఆ హెచ్‌సీఎఫ్2 కూడా మా పాత దాంట్లో పొయ్యకూడదు, సీవీటీ ఆయిలే కదా అనుకుంటే దెబ్బైపోతాం.

ఎందుకింత పట్టింపు అంటారా, సీవీటీలో ఆ బెల్టు పుల్లీని పట్టుకుని తిప్పాలి. ఉక్కుకీ ఉక్కుకీ మధ్య జారిపోకుండా పట్టు ఉండేలా తయారుచేసిన ఆయిల్ అది. మామూలు ఏటీఎఫ్ క్లచ్ ప్లేట్లు మెత్తగా అతుక్కోవడానికి చేసింది. తేడా ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీ మీద గీతలు పడతాయి, అప్పుడు మెకానిక్ కాదు కదా దేవుడొచ్చినా గేర్‌బాక్స్ దించాల్సిందే. ఎరుపంటారా, అది కలిపిన రంగు, లీకైతే కనపడ్డానికి. రంగు చూసి ఆయిల్ రకం చెప్పేవాణ్ణి నేను నమ్మను.

అసలు మీ కార్లో ఉన్నది ఏ రకమో తెలియకపోతే ఖాళీ రోడ్డు మీద నడిపి ఆర్‌పీఎం ముల్లు చూడండి. గేర్ల ఆటోమేటిక్ అయితే గేరు మారినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంది. మా దాంట్లో ముల్లు ఓ చోట నిలబడిపోతుంది, స్పీడు మాత్రం పెరుగుతూ పోతుంది. కొత్త సీవీటీలు కొన్ని దొంగ గేర్లు చూపిస్తాయి కాబట్టి ఇదొక్కటే నమ్ముకోకుండా ఓనర్స్ మాన్యువల్, గేర్‌బాక్స్ మీది కోడ్ కూడా చూడాలి. ఏఎంటీ (క్లచ్, గేర్లు మనకి బదులు యంత్రమే మార్చే రకం) కారైతే ఈ గొడవే వేరు, లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే.

ఇంకోటి, లెవెల్ చూడ్డం. పాత టొయోటాలకి అలవాటైన చేతులు ఇంజిన్ తిరుగుతుండగానే డిప్‌స్టిక్ లాగుతాయి. హోండాకి బండి వేడెక్కాక ఇంజిన్ ఆపి, నిమిషం ఆగి లాగాలి. ఈ మాట చెబితే మా మెకానిక్ నన్నోసారి ఎగాదిగా చూశాడు.

చివరికి సరైన ఆయిల్ నేనే తెచ్చి, పక్కన నిలబడి పోయించా. ఒక్కసారి డ్రెయిన్ చేస్తే పాతదంతా రాదు కాబట్టి కొన్నాళ్లు తిప్పి మళ్లీ మార్పించా. వణుకు చాలావరకు పోయింది, ఏసీ వేసుకుని గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం ఇంకా కాస్త తెలుస్తోంది. ఖాళీ డబ్బా లేబుల్ చింపి బానెట్ లోపల అతికించా, నేను లేనప్పుడు ఎవరైనా ఎర్ర డబ్బా పట్టుకొస్తే ముందు అది చదువుకుంటారని.